గడప లేని తలుపు

నూట ముప్పై కిలోలు అన్నాడు మెకానిక్ ఫోనులో. పదో పదిహేనో అటూ ఇటూ, మీది పెద్ద తలుపు కదా సార్, వ్యాను పట్టేలా చేయించుకున్నారు, ఇన్నాళ్లూ దాని బరువు స్ప్రింగు మోసింది, ఇప్పుడది తెగింది కాబట్టి ఆ బరువు ఇక మీది. ఆ బరువు ఇక మీది అని ఎంత తేలిగ్గా అనేశాడో. మోటారుందిగా అన్నాను. నవ్వాడు. "మోటారు ఏం మోస్తుంది సార్, అది ఊరికే అదిలిస్తుంది. స్ప్రింగు లేకపోతే దానిది ఒట్టి అరుపే. అందరూ మోటారే ఎత్తుతోందనుకుంటారు. మోటారు కూడా అలాగే అనుకుంటుంది." ఎవరి గురించి చెబుతున్నాడో అనిపించింది కానీ అతనికి నా సంగతులేం తెలుసు. నాలుగింటికల్లా నాకు తలుపు తెరుచుకోవాలి అన్నాను. రేపు పదింటికి వస్తానన్నాడు, ఇవాళ అత్తగారింటి పంచాయితీలో ఇరుక్కున్నాడట, మీ తలుపు కంటే బరువైన వ్యవహారం సార్ అన్నాడు. మోటారు స్విచ్చు ఆపెయ్యమన్నాడు, మోటారు నుంచి తలుపు విడిపోయేలా ఎర్ర తాడు కిందికి లాగమన్నాడు, తెగిన స్ప్రింగు జోలికి మాత్రం పోవద్దన్నాడు. "ఒక్కరే ఎత్తకండి. నడుం పోతుంది. ఇద్దరుంటే కాస్త లేస్తుంది. ఇంట్లో ఎవరైనా ఉన్నారుగా?" ఉన్నారన్నాను. ముప్పై ఏళ్ల వ్యాపారంలో పడిన అలవాటు, సరుకు గోదాములో లేకపోయినా ఉందనడం.

ఇప్పుడు మూడు దాటి ఐదు నిమిషాలు. గ్యారేజీలో పెట్టె బోర్లించుకుని కూర్చున్నాను. స్విచ్చు ఆపాను, ఎర్ర తాడు లాగాను, చెప్పినవన్నీ చేశాను, తలుపు మాత్రం చెప్పినట్టు వినలేదు. దాని అడుగున రబ్బరు ఒకచోట చిరిగింది, అందులోంచి చీపురుపుల్లంత వెలుతురు లోపలికొచ్చి నేలమీద పడుకుంది. ఒంటిగంట దాటాక స్ప్రింగు తెగినప్పుడు నేను వంటింట్లో గ్లాసు కడుగుతున్నాను. ఒకటే గ్లాసు, ఒకటే పళ్లెం, కడగడానికి పట్టే సమయం కంటే కుళాయి తిప్పడానికి పట్టే సమయమే ఎక్కువ. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. లోడంతా కూలిపోయిందనుకున్నాను, సీసాల వ్యాపారిని, ఏ చప్పుడైనా నాకు ముందు సీసాల్లాగే వినిపిస్తుంది. పరిగెత్తుకొచ్చి చూస్తే ఒక్క సీసా కదల్లేదు. గోడ పొడవునా పెట్టెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, మధ్యలో నేను పొద్దున్నే తుడిచిపెట్టిన రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి, కిటికీ కింద బల్ల ఉంది. తలుపు పైన ఇనప గొట్టం మీద స్ప్రింగు రెండు ముక్కలై మధ్యలో మూడు వేళ్ల సందు. ఇంత సందు. అంతే, అంతకంటే ఏమీ లేదు, ఇంత సందుకి నూట ముప్పై కిలోలు.

ఆ బల్ల కోసమే తమ్ముడు వస్తున్నాడు. వస్తున్నాడని చెప్పింది మరదలు. పోయిన వారం ఫోను చేసింది, ఎడమ చెవికి పెట్టుకున్నాను పొరపాటున, ఏదో గాలి వీచినట్టు వినిపించింది, కుడి చెవికి మార్చుకున్నాను. "బావగారూ, మీ గ్యారేజీకి గడప ఉందా?" అని అడిగింది, పలకరింపు లేదు, ఎలా ఉన్నారని లేదు. గ్యారేజీకి గడపేమిటమ్మా, చక్రాలెలా దాటతాయి అన్నాను. "అదే నేనూ అన్నాను మీ తమ్ముడితో. అన్న గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నారు సరే, గడపే లేని చోటుకి వెళ్లడానికేం అన్నాను. పెద్ద లాయరువి మరి అన్నారు. వద్దని మాత్రం అనలేదు." ఎల్లుండి కాదు అవతలి ఆదివారం ఊరు వదిలి వెళ్లిపోతున్నామని అప్పుడు చెప్పింది. ఎక్కడో గాజు ఫ్యాక్టరీలో సీసాలు చూసే పని దొరికిందట, అక్కడ వాడి పేరు ఎవరికీ తెలియదట, అందుకే దొరికిందట. ఆ చివరి మాట ఆవిడ మామూలుగానే అంది. నేనే ఆ మాటని వారం రోజులుగా బేరానికొచ్చిన మచ్చు సరుకులా వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూస్తున్నాను. శనివారం నాలుగింటికి ఆటో ట్రాలీ తీసుకుని వస్తారు, బల్ల ఎక్కించుకుని వెళ్లిపోతారు, మీరు ఏం మాట్లాడతారో మాట్లాడుకోండి, నేను రాను, వస్తే మధ్యలో నన్నే మాట్లాడనిస్తారు మీ ఇద్దరూ అంది.

శనివారం అంటే ఇవాళే. బల్ల ఇంట్లోంచి పోదు, కొలిచాను, లోపలి వాకిలి కంటే జానెడు వెడల్పు. వాడే ఇక్కడ కూర్చుని చేసుకున్నాడు, పైన దళసరి ఉన్ని గుడ్డ పరిచి అంచులకి మేకులు కొట్టాడు, సీసా పెట్టినప్పుడు బల్ల చప్పుడు రాకూడదని. సీసా చప్పుడు సీసాదే కావాలి అనేవాడు. వరసకి పన్నెండు నిలబెట్టి కుడిచేతి ఇనప ఉంగరంతో ఒక్కొక్కదాని భుజం మీద కొట్టుకుంటూ పోయేవాడు, టింగు టింగు టింగు, మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగేవాడు. నాకు అన్నీ ఒకేలా వినిపించేవి. ఇది పోయింది అనేవాడు. ఎండలో పెట్టి చూసినా గీత కనపడేది కాదు, వేడినీళ్లు పోస్తే నిలువునా విచ్చుకునేది. పదేళ్లప్పుడే వాడికా చెవి ఉంది. ఇద్దరం గోనెసంచి పట్టుకుని ఇళ్ల వెనక సందుల్లో ఖాళీ సీసాలు ఏరేవాళ్లం, నేను బేరం చేసేవాణ్ని, వాడు మెట్టు మీద కూర్చుని గోటితో మీటేవాడు. కొనేవాడు రెండు పగుళ్లున్నాయి అంటే వాడు మూడున్నాయండీ అనేవాడు. అలా అనేసినందుకు వాణ్ని దారంతా తిట్టుకుంటూ వచ్చేవాణ్ని. "మూడున్నాయిగా అన్నయ్యా" అనేవాడు. ఉంటే ఉన్నాయి, అడిగాడా వాడు? మాట్లాడాల్సింది నేను, వినాల్సింది నువ్వు, అని పని పంచాను. ఆ పంపకం బాగానే కలిసొచ్చింది. సంచి పోయి తోపుడుబండి, బండి పోయి వ్యాను, వ్యాను కోసం ఈ గ్యారేజీ, ఈ గ్యారేజీ కోసం ఈ తలుపు. వ్యాను మీద పేరు రాయించేటప్పుడు పెయింటరు అడిగాడు ఎవరి పేరండీ అని. ఎవరు మాట్లాడితే వాడి పేరు.

మా వ్యాపారంలో ఒక లెక్కుంది, నూటికి మూడు తరుగు. వందకి మూడు పగులుతాయని కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. నేను ఆ లెక్కని ఇంట్లోకి కూడా తెచ్చుకున్నాను. చుట్టాల్లో ముగ్గురు పలకకపోతే తరుగు. పెళ్లి చూపులు మూడుసార్లు తప్పిపోతే తరుగు, నాలుగోసారి వెళ్లలేదు, తమ్ముడికి చేశాను, మరదలు ఇంటికొచ్చింది, ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నాం, ఆవిడ నా మాటలకి నవ్వేది, బావగారూ మీరు గోడకి కూడా సున్నం అమ్మగలరు అనేది. అన్నీ తరుగులో సరిపోతాయనుకున్నాను. ఆరేళ్ల కిందట ఒక లోడు వచ్చిన రోజు వాడు సాయంత్రం దాకా ఈ బల్ల దగ్గరే ఉన్నాడు, కొట్టాడు కొట్టాడు, లేచి వచ్చి వందకి పన్నెండు పోయాయి అన్నయ్యా, కొలిమిలో సరిగ్గా చల్లార్చలేదు, ఇది పంపొద్దు అన్నాడు. పళ్లరసం కంపెనీ ఆయనకి మర్నాడు పొద్దున్నకి ఇస్తానని మాటిచ్చేశాను. మాట పోతుందిరా అన్నాను. మాట పోతే ఇంకోటి ఉంటుంది నీ దగ్గర అన్నాడు. నవ్వాడు కూడా. రాత్రికి రాత్రి వ్యానుకి ఎక్కించాను, వాణ్ని లేపలేదు. నాలుగో రోజు రసం వేడివేడిగా నింపుతుంటే వరసగా పేలాయట. అక్కడ పనిచేసే ఒకావిడ కుడిచెయ్యి అడ్డం పెట్టుకుంది. కంపెనీ ఆయన మా ఇద్దరినీ పిలిపించాడు, గదిలో ఇంకో నలుగురు మా వ్యాపారం వాళ్లే ఉన్నారు, ఆ సరుకు ఎవరు చూసి పంపారు అని అడిగాడు. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు నడిచేది. మా తమ్ముడే చెవితో చూసి పంపాడండీ, వాడి చెవి కాస్త మందగించినట్టుంది అన్నాను. అంత చిన్న మాట. వాడు నా పక్కనే ఉన్నాడు. ఏమంటాడా అని చూశాను. ఉంగరం వేలు చుట్టూ ఒకసారి తిప్పుకున్నాడు, అంతే. మర్నాడు పొద్దున సామాను కట్టేసి, గడప బయట నిలబడి అన్నాడు, "ఇక ఈ గడప తొక్కను." కాలు జారితే తీసుకోవచ్చు కానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకోవచ్చు. మర్నాడు తీసుకోవచ్చు, వారానికి తీసుకోవచ్చు. నేను బేరగాణ్ని, ముందు ధర పలికినవాడు ఓడిపోతాడని నాకు తెలుసు, వాడు ముందు పలుకుతాడని కూర్చున్నాను. ఆరేళ్లు కూర్చున్నాను. ఆ నలుగురూ పది మందికి చెప్పారు, పది మంది ఊరికి చెప్పారు, వాడి చేత సీసా కొట్టించేవాడు లేకపోయాడు, ఎవరి గోదాములోనో పెట్టెలు మోశాడు.

మూడూ ఇరవై. ఇంట్లో ఫ్రిజ్జు వణికి ఆగింది. వాళ్లు వెళ్లాక మూడు గదులకి తాళం వేశాను, తుడవక్కర్లేదని, ఇప్పుడు వంటిల్లు, నా గది, ఇది. నేను సాయంత్రం వ్యాను తోలుకుని వచ్చేటప్పుడు వీధి మలుపులోనే రిమోటు నొక్కేవాణ్ని, అంత దూరం నుంచి నొక్కక్కర్లేదు, కానీ నేను ఇంటి ముందుకొచ్చేసరికి తలుపు సగం లేచి ఉండేది, లోపల దీపం దానంతటదే వెలిగేది, లోపలున్నవాళ్లు చప్పుడు విని లేచినట్టుండేది. నన్ను చూసి ఇంట్లో కదిలేది అదొక్కటే. ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఎవరికి చెప్పాలి. ఎడమ చెవి సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు, నాలుగేళ్ల కిందట అద్దానికి నూనె రాసినట్టు మొదలైంది, ఇప్పుడు అటువైపు ఎవరైనా నిలబడితే నేను మెల్లిగా తిరిగి కుడివైపుకి తెచ్చుకుంటాను, బేరంలో ఇది ఒక ఎత్తులా కనిపిస్తుంది, ముసలాడు ఆలోచిస్తున్నాడనుకుంటారు. వాడి చెవి మందగించిందన్నాను. అడ్రసు తప్పు రాసినా దేవుడు ఆ ఉత్తరం నా చెవికి చేర్చాడు, అదే ఇల్లు కదా. తరుగు ఇప్పుడు నూటికి ఏడు. కొట్టి చూసేవాళ్లు ఇద్దరున్నారు దుకాణంలో, వాళ్లకి అన్నీ టింగుమనే వినిపిస్తాయి, నాకైతే అదీ లేదు.

ఇవాళ్టికి మాత్రం అంతా సిద్ధం చేసుకున్నాను. బేరానికి కూర్చునే ముందు కుర్చీలు ఎలా వెయ్యాలో నాకు తెలుసు, వెలుతురు నా వీపు వైపు, ఎదుటివాడి మొహం మీద. ఈసారి తిరగేసి వేశాను, వెలుతురు నా మొహం మీద పడేలా. మంచినీళ్ల సీసా పెట్టాను. తలుపు పూర్తిగా ఎత్తి ఉంచుతాను, వాడు లోపలికి నడిచి వస్తాడు, గడప లేదు కాబట్టి ఒట్టు పోదు, కూర్చోరా అంటాను, కూర్చుంటాడు, అప్పుడు చెబుతాను. ఏం చెప్పాలో వారం నుంచి తూకం వేస్తున్నాను, ఒక మాట పెడతాను, బరువెక్కువనిపిస్తుంది, తీసేస్తాను, తేలికైపోతుంది. చివరికి ఒకటి తేల్చాను, ఆ రోజు నువ్వు వద్దన్నావురా, నేనే అబద్ధమాడాను. అంతే. ఇంత మాట ఆరేళ్లు గోదాములో దాచాను, ఇవాళ తీద్దామనుకుంటే తలుపు మూసుకుపోయింది. ఫోను చేసి రావద్దు రేపు రా అనొచ్చు. రేపు వాడుండడు. ఇంట్లోంచి రా అనొచ్చు. ఎలా అంటాను. నేనే వీధిలోకి వెళ్లి ఫుట్‌పాతు మీద నిలబడి చెప్పొచ్చు, అది కూడా అనుకున్నాను, అప్పుడు బల్ల లోపలే ఉండిపోతుంది, బల్ల లేకుండా వాడు వచ్చిన పని ఏముంది, పొద్దుపోయిందని చెప్పి ట్రాలీ ఎక్కేస్తాడు.

లేచాను. తలుపు అడుగున చేతికందే పిడి పట్టుకుని, మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టి లేపాను. లేచింది అనుకున్నాను. నా మడమలు లేచాయి. రెండోసారి ఇనప కడ్డీ దూర్చి తన్నిపెట్టాను, వేలెడు లేచింది, వెలుతురు చీపురుపుల్ల నుంచి గుమ్మానికి పరిచే పట్టా అంత వెడల్పయింది, ఒక కుక్క కాళ్లు నాలుగు నడుచుకుంటూ పోయాయి, కడ్డీ జారింది, పడింది. నడుములో ఏదో కలుక్కుమంది. ఇంట్లో ఎవరైనా ఉన్నారుగా. కూర్చుని ఆయాసం తీర్చుకుంటుంటే పెట్టెలు కనిపించాయి. సీసాకి ఒక గుణముంది, అడ్డంగా తగిలితే చిటుక్కుమంటుంది కానీ నిలువుగా నిలబెట్టి పైన బరువు పెడితే మనిషి నిలబడ్డా మోస్తుంది. కుర్రతనంలో తమ్ముణ్ని నాలుగు సీసాల మీద పలక వేసి నిలబెట్టి పందెం గెలిచాను. వాడు ముందు ఆ నాలుగూ మీటి చూసి ఎక్కాడు. పొడుగు సీసాల పెట్టె ఒకటి, పక్కల సందులున్న చెక్కపెట్టె, మోకాలెత్తుది, తెచ్చి తలుపు మధ్యకి లాగి, సీసాల మూతుల మీద దళసరి పలక వేసి, తలుపుకి ఒక్క తన్ను దూరంలో పెట్టాను. తొడ దాకా లేస్తే చాలు, తన్నొచ్చు. అంత లేపడానికి మాత్రం ఇంకొకడు కావాలి, ఆ ఇంకొకడు బయటి నుంచి రావాలి, వచ్చేవాడు లోపలికి రావడానికే ఇదంతా.

ట్రాలీ చప్పుడు వినలేదు. తలుపు మీద ఉంగరంతో కొట్టిన చప్పుడు విన్నాను, రేకు మీద మూడుసార్లు, టక్ టక్ టక్. ఆరేళ్ల తర్వాత మొదట విన్నది అదే.

"తలుపు తియ్యి."

"స్ప్రింగు తెగిందిరా. లేవట్లేదు."

నేలకి వంగి చూస్తే చిరిగిన రబ్బరు సందులోంచి వాడి చెప్పులు కనిపించాయి, అరిగిన చెప్పులు, ఎడమది బయటి అంచు అరిగి ఉంది, చిన్నప్పటి నడకే.

"నేను రానని తీసిపెట్టలేదా, వస్తానని తెంపిపెట్టావా?"

"నీ మీద ఒట్టు, తెగింది."

"నా మీద పెట్టకు. నీ మీద పెట్టుకో."

చెప్పులు అటు తిరిగాయి. వెళ్లిపోతున్నాయని నా నోరు నాకంటే ముందు పరిగెత్తబోయింది, రకరకాల మాటలు, ట్రాలీ వాడికి నేనిస్తాను, రేపు నేనే తెచ్చిస్తాను, పట్టి ఆపాను. నువ్వు బయటి నుంచి పట్టు, నేను లోపలి నుంచి పడతాను, ఇద్దరైతే లేస్తుందట అన్నాను. ఎవరన్నారు అన్నాడు. మెకానిక్ అన్నాను. సరే అతనన్నాడు కాబట్టి, అన్నాడు. చెప్పులు దగ్గరికొచ్చాయి. ఒకటి, రెండు, అన్నాను, మూడు అనకముందే వాడు లేపాడు, ఎప్పుడూ అంతే, నేను కూడా లేపాను, తలుపు మూలిగి లేచింది, అంగుళం, జానెడు, మోకాలు, తొడ దాకా వచ్చింది. వాడి ప్యాంటు మోకాళ్లు కనిపించాయి. రేకు తలుపుకి అటు వాడి గుండె, ఇటు నా గుండె. వదిలితే ఎవరి కాలు మీదో పడుతుంది. కుర్చీలు లేవు, వెలుతురు లెక్క లేదు, ఇదే అదననిపించింది, అనేశాను.

"ఆ రోజు నువ్వు పంపొద్దనే అన్నావురా. నేనే అబద్ధమాడాను."

వాడి ఆయాసం వినిపించింది. ఒకసారి, రెండుసార్లు.

"ముందు పెట్టె తన్ను" అన్నాడు.

తన్నాను. నేల మీద గరగరలాడుతూ పెట్టె తలుపు కిందికి వెళ్లింది. మెల్లిగా దించాం. పలక మీద తలుపు కూర్చుంది, సీసాలు కిర్రుమన్నాయి, నిలబడ్డాయి. నేను నేలమీద చతికిలబడ్డాను. అన్నాను కదా, అనేశాను కదా అని నాలో ఎవడో బేరం కుదిరినట్టు చేతులు దులుపుకుంటున్నాడు.

"నేను వద్దన్న సంగతి నాకు తెలియదా?" అన్నాడు బయటి నుంచి. గొంతు పెంచలేదు. "నాకెందుకు చెబుతావ్ అన్నయ్యా?"

ఆరేళ్లు దాచింది, వారం తూచింది, వాడి సరుకే వాడికి అమ్మజూపాను. ఆ గదిలో నా అబద్ధం నమ్మింది వాడు కాదు. నమ్మినవాళ్లు వేరే ఉన్నారు. చెప్పులు అక్కడే ఉన్నాయి, ఒకటి నేలని మెల్లిగా రాస్తోంది. కంపెనీ ఆయనకి చెబితే మిగతా నలుగురికీ చేరుతుంది, సోమవారానికి ఊరంతా చేరుతుంది, వ్యాను మీద ఉన్నది నా పేరు. ఇంకా ఎన్నేళ్లు వ్యాపారం చేస్తాను, ఐదు, ఆరు. ఆ ఆరేళ్లకి ఈ ఆరేళ్లు. సరిగ్గా సరిపోయే లెక్క నా జీవితంలో ఇదొక్కటే తగిలింది. జేబులోంచి ఫోను తీసి పళ్లరసం కంపెనీ ఆయనకి చేశాను, స్పీకరు నొక్కి తలుపు కింద నేల మీద పెట్టాను. మోగింది, మోగింది. ఎత్తాడు, వెనక మిషన్ల రొద. నేనండీ సీసాలు అన్నాను. ఆరేళ్ల కిందటి ఆ లోడు, మా తమ్ముడు కొట్టి చూసి పంపొద్దన్నాడండీ, నేనే రాత్రి ఎక్కించాను, మీ ముందు వాడి మీద పెట్టాను అన్నాను.

"ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

తలుపు స్ప్రింగు తెగిందండీ అనబోయాను. "అప్పుడు చెప్పాల్సిందండీ" అన్నాను.

"ఆవిడ ఇంకా మా దగ్గరే ఉంది. రెండు వేళ్లు వంగవు. మూతలు ఎడమచేత్తో బిగిస్తుంది. నాతో కాదు, సోమవారం వచ్చి ఆవిడతో చెప్పండి, అందరి ముందూ. సీసాల సంగతి తర్వాత." ఆగాడు. "మీ తమ్ముడున్నాడా ఊళ్లో?"

"ఉన్నాడండీ. వింటున్నాడు."

పెట్టేశాడు. ఫోను దీపం కాసేపు నేలమీద వెలిగి ఆరింది. బయట ట్రాలీ వాడు ఎంతసేపండీ అని అరిచాడు. తమ్ముడు వాడికేదో చెప్పాడు, నాకు వినిపించలేదు, నా ఎడమ వైపు నుంచి వచ్చింది ఆ మాట. చెప్పులు కదిలాయి. అయిపోయింది, వెళ్లిపోతాడు, వెళ్లనీ, బల్ల రేపు మెకానిక్ వచ్చాక లారీలో వేసి పంపిస్తాను, అడ్రసు మరదల్ని అడుగుతాను, కుర్చీలు లోపల పెట్టేస్తాను, గ్లాసు కడుగుతాను. అప్పుడు చెప్పుల పక్కన ఒక మోకాలు ఆనింది. తర్వాత ఇంకొకటి. పెట్టె సందుల్లోంచి చెయ్యి కనిపించింది, నరాలు లేచిన చెయ్యి, ఇనప ఉంగరం అరిగి తీగలా ఉంది. అవతలి వరస సీసాల మీద మొదటి నుంచి మొదలుపెట్టింది, మెల్లిగా, భుజం మీద. తలుపు బరువంతా వాటి మీదుంది. నాలుగోదాని దగ్గర ఆగింది.

"ఇది పోయింది. ఎక్కువసేపు ఆగదు. ఇంకో పెట్టె పక్కన పెట్టు."

"ఏదిరా?"

"వినబడలా?"

"ఎడమ చెవి పోయిందిరా. నాలుగేళ్లయింది."

చెయ్యి అలాగే ఆగిపోయింది. నవ్వుతాడనుకున్నాను, నవ్వితే బాగుండనుకున్నాను, నవ్వలేదు.

"కుడిది పెట్టు" అన్నాడు.

నేలమీద ఒరిగాను. సిమెంటు చల్లగా చెంపకి తగిలింది. పెట్టె పక్కకి కుడి చెవి ఆనించి కళ్లు తిప్పితే తలుపు కింద వాడు కూడా నేలకి చెంప ఆనించి ఉన్నాడు, మొహం అడ్డంగా, జానెడు దూరంలో. కనుబొమ్మల్లో తెల్లవెంట్రుకలు. ఎప్పుడొచ్చాయో. నన్ను చూడట్లేదు, సీసాని చూస్తున్నాడు, వినేటప్పుడు వాడు ఎవరినీ చూడడు. మూడోదాని మీద కొట్టాడు. నాలుగోదాని మీద కొట్టాడు.

"తేడా తెలిసిందా?"

తెలిసింది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, ముప్పై ఏళ్లు అక్కడే కాపురం ఉన్న మాట.

"లేదురా" అన్నాను.

వాడు అప్పుడు నన్ను చూశాడు. భుజం తలుపు కిందికి దూర్చాడు.

"జరుగు" అన్నాడు.

జరిగాను.